కరిగినా కారని పోగులు: వేడిని దాచుకునే నానో బట్టపై పాఠకుల ప్రశ్నలు

కరిగేటప్పుడు వేడిని పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు తిరిగిచ్చే పదార్థాలను నానో పోగుల్లో ఇమిడ్చే పద్ధతి గురించి కిందటి నెల ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: పోగు వేడిని ‘దాచుకోవడం’ అంటే ఏమిటి? దుప్పటి కూడా వేడిని ఆపుతుంది కదా. తేడా ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: దుప్పటి వేడిని దాచుకోదు, దాని దారికి అడ్డం నిలుస్తుంది. ఒంటి వేడి బయటికి పోయే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. దాచుకోవడం వేరు. చలికాలం పొద్దున పేరుకుపోయిన కొబ్బరినూనె సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూడండి. నీళ్లు చల్లారుతూ ఉంటాయి. నూనె మాత్రం గడ్డ మొత్తం కరిగేదాకా 24 డిగ్రీల చుట్టుపక్కలే తచ్చాడుతుంది. నీళ్లు ఇచ్చిన వేడి, గడ్డలో ఒద్దికగా పేర్చుకుని ఉన్న అణువులను విడదీయడానికే ఖర్చవుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణం అన్నది దీన్నే.

అంకెల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఆక్టాడెకేన్ అనే పారఫిన్ 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక గ్రాము కరగడానికి సుమారు 240 జౌళ్లు కావాలి. కరిగిన తర్వాత అదే గ్రాము ఇంకో డిగ్రీ వేడెక్కడానికి 2 జౌళ్ల పైచిలుకు చాలు. అంటే దాన్ని నూరు డిగ్రీలు వేడెక్కించేంత ఉష్ణం ఒక్క కరగడంలోనే ఇముడుతుంది. గడ్డకట్టేటప్పుడు అదంతా బయటికి వస్తుంది. ఇలాంటి వాటిని ఫేజ్ ఛేంజ్ మెటీరియల్స్, పొట్టిగా పీసీఎంలు అంటారు.

చిక్కల్లా కరిగాక అది నూనె కావడమే. గుడ్డకు పూస్తే మరక, డబ్బాలో పోస్తే అతుకుల్లోంచి కారుతుంది. కాబట్టి నానో పోగు చేసే పని వేడిని దాచడం కాదు. ఆ పని పీసీఎందే. కరిగిన పీసీఎంను కారకుండా పట్టి ఉంచడమే పోగు పని. ఈ ఒక్క మాట గుర్తుంటే కింది జవాబులు తేలికవుతాయి.

ప్రశ్న: మాకు మరమగ్గాలున్నాయి. ఈ పోగులతో ఎండాకాలంలో చల్లగా ఉండే చొక్కా బట్ట తయారు చేయొచ్చా? పెట్టుబడి పెట్టమంటారా?
– మరమగ్గాల యజమాని, సిరిసిల్ల

జవాబు: ఇప్పుడున్న స్థితిలో చొక్కా బట్ట కోసం వద్దండీ. ఎందుకో లెక్క వేసి చూపిస్తాం, మీరే సరిచూసుకోండి.

మొదటి సంగతి, ఈ పోగులను ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో తీస్తారు. అంటే సూదిలోంచి వచ్చే పాలిమర్ ద్రావణాన్ని ఎక్కువ వోల్టేజీతో సన్నని పోగులుగా లాగడం. అందులో వచ్చేది కండెకు చుట్టుకునే నూలు కాదు. పీచుమిఠాయిని పళ్లెం మీద పలచగా పరిచినట్టుండే, నేత లేని పొర. చదరపు మీటరుకు 20 గ్రాముల చొప్పున ఆ పొరను మీ బట్ట మీద వేశారనుకుందాం. గ్రాముకు 90 జౌళ్లు దాచుకుంటే మొత్తం 1,800 జౌళ్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి విడుస్తుంది. చర్మం వైశాల్యం 1.7 చదరపు మీటర్లనుకుంటే, చదరపు మీటరుకు 59 వాట్లు. 1,800ను 59తో భాగిస్తే 30 సెకన్లు. మన ఒంటి వేడి ఒక్కటే ఆ పొరను అర నిమిషంలో కరిగించేస్తుంది. ఇక ఎండ వేడి సంగతి చెప్పనక్కర్లేదు.

కూలింగ్ వెస్టుల్లో పీసీఎం ప్యాకెట్లు కిలోల లెక్కన ఉండేది ఇందుకే. 2 కిలోలు, గ్రాముకు 200 జౌళ్లంటే 4 లక్షల జౌళ్లు. 100 వాట్లకు అది గంటా ఆరేడు నిమిషాలు వస్తుంది. బరువు మోయకుండా జౌళ్లు రావు. ‘నానో’ అన్న మాట చేరినంత మాత్రాన గ్రాముకు ఒక్క జౌలు కూడా పెరగదు. పంజరంగా ఉన్న పాలిమర్ బరువు పోను, నిజానికి తగ్గుతుంది. ఈ బట్ట అమ్మజూపేవాళ్లు ఎవరైనా వస్తే రెండే అడగండి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల పీసీఎం ఉంది? గ్రాముకు ఎన్ని జౌళ్లు? ఆ రెంటినీ గుణించిన అంకె ముందు పెట్టుకుని మాట్లాడండి.

రెండో సంగతి మన వాతావరణం. పగలు కరిగిన పదార్థం రాత్రి గడ్డకడితేనే మర్నాడు మళ్లీ పనిచేస్తుంది. మే నెలలో విజయవాడ, రామగుండం వైపు రాత్రి కూడా 28 డిగ్రీలకు దిగని రోజులుంటాయి. ఆ రోజుల్లో ఆక్టాడెకేన్ తెల్లవారాక కూడా నూనెగానే ఉంటుంది. వెచ్చని గదికీ బయటి మంచుకూ మధ్య తిరిగే చలిదేశాల వాళ్లకు ఆ 28 డిగ్రీల పదార్థం కుదురుతుంది, మనకు కాదు. లారిక్ ఆమ్లం 66 పాళ్లు, మిరిస్టిక్ ఆమ్లం 34 పాళ్లు, రెండూ కొవ్వు ఆమ్లాలే, బరువు ప్రకారం కలిపి కరిగిస్తే ఆ మిశ్రమం 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చర్మం ఉండే వేడి కూడా దాదాపు అంతే. మన ఎండలకు ఏదైనా చేయాలంటే ఆ దారిలో ఆలోచించాలి. అప్పుడైనా పైన చెప్పిన బరువు లెక్క మారదు.

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టు కోసం లారిక్ ఆమ్లంతో నానోఫైబర్ తీస్తున్నాను. మొదట పోగుల నిండా పూసలు వచ్చాయి. వోల్టేజీ పెంచితే పోలేదు. ఇప్పుడు సూది మూసుకుపోతోంది. సరైన పాళ్లు చెప్పగలరా?
– విద్యార్థి, వరంగల్

జవాబు: పూసలకు మందు వోల్టేజీలో లేదు, ద్రావణం చిక్కదనంలో ఉంది. పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కులు పడేంత దగ్గరగా లేకపోతే, తలతన్యత ధారను తెంచి బొట్లు చేయాలని చూస్తుంది. ఆ సగం తెగిన బొట్లే మీ పూసలు.

ఈ పాళ్లతో మొదలుపెట్టండి. సుమారు 1,50,000 అణుభారం ఉన్న పాలీయాక్రిలోనైట్రైల్ అనే పాలిమర్ 1 గ్రాము, దాన్ని కరిగించే డైమిథైల్ ఫార్మమైడ్, అంటే డీఎంఎఫ్, 9 గ్రాములు. పొడిని ఒక్కసారిగా గుమ్మరిస్తే బయట జిగురు పట్టి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది. డీఎంఎఫ్‌ను కలుపుతూ కొంచెం కొంచెంగా చల్లండి. మూతపెట్టి 60 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు కలపాలి. ద్రావణం తేటగా, పలచని తేనెలా జారాలి. తర్వాత 50 డిగ్రీలకు తగ్గించి 1 గ్రాము లారిక్ ఆమ్లం వేసి ఇంకో రెండు గంటలు కలపండి. గాలి బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచాకే సిరంజిలోకి తీసుకోండి. ఇంత చేసినా పూసలు వస్తే పాలీయాక్రిలోనైట్రైల్‌ను 1.1, 1.2 గ్రాములకు పెంచండి.

సూది 22 గేజ్, మొన కోసి చదును చేసింది. పంపు వేగం గంటకు 0.8 మి.లీ., సూదికీ అల్యూమినియం ఫాయిల్‌కూ మధ్య 15 సెం.మీ., వోల్టేజీ 15 నుంచి 18 కిలోవోల్టులు. సూది కొసన వేలాడే బొట్టు శంకువులా సాగి, దాని మొనలోంచి సన్నని ధార బయలుదేరాలి. దీని లెక్క తేల్చిన జెఫ్రీ టేలర్ పేరు మీదే దాన్ని టేలర్ శంకువు అంటారు. ఆయన పత్రం 1964 నాటిది. శంకువు కనిపించకుండా ధార సూది లోపలి నుంచే వస్తున్నట్టుంటే వోల్టేజీ ఎక్కువైంది. బొట్లు రాలుతుంటే తక్కువైంది, లేదా పంపు వేగం ఎక్కువైంది. ఫాయిల్ మీద పొర తెల్లగా కాక తడిగా, మెరుస్తూ కనిపిస్తే డీఎంఎఫ్ దారిలో ఆరలేదని అర్థం. దూరం 18 సెం.మీ.కు పెంచండి, లేదా పంపును 0.5కు తగ్గించండి.

సూది మూసుకోవడానికి రెండు కారణాలుంటాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఆ నీటికి పాలీయాక్రిలోనైట్రైల్ విరిగి, కొసన తోలులా పేరుకుంటుంది. వానాకాలంలో తరచుగా ఇదే జరుగుతుంది. మూసిన పెట్టెలో సిలికా జెల్ ఉంచి తేమను 40 శాతం దగ్గర ఆపండి. రెండోది, పీసీఎం మోతాదు ఎక్కువైనా, లారిక్ బదులు స్టియరిక్ ఆమ్లం వాడినా సిరంజిలోనే తెల్లని పలుకులు కట్టడం. అప్పుడు సిరంజిని వెచ్చగా ఉంచక తప్పదు.

కొస తుడవాల్సి వచ్చినప్పుడు ముందు సప్లై ఆపండి, తర్వాత ఎర్త్ కడ్డీని సూదికి ఆనించండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. డీఎంఎఫ్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఇంకుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గర్భిణులకు ప్రమాదం. మామూలు నైట్రైల్ తొడుగులు దాన్ని ఎక్కువసేపు ఆపలేవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. పనంతా ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే.

ఇంకో మాట. మీ ద్రావణం 11 గ్రాముల్లో పోగుగా మిగిలేది 2 గ్రాములే. గంటకు 0.8 మి.లీ. చొప్పున ఒక సూది గంటలో ఇచ్చేది 0.14 గ్రాములు. ఎనిమిది గంటలు నిలబడితే 1.1 గ్రాము. ఎన్ని పరీక్షలకు ఎంత నమూనా కావాలో ముందే లెక్క వేసుకుని మొదలుపెట్టండి. తీసిన పొరను 30 డిగ్రీల దగ్గర వాక్యూమ్ ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టండి. తొందరపడి 60కి పెట్టొద్దు, 44 దగ్గరే లారిక్ ఆమ్లం కరిగి పోగుల మీదికి ఊరుతుంది.

ప్రశ్న: సగం సగం పాళ్లలో చేసిన నమూనా మాది. లారిక్ ఆమ్లానికి గ్రాముకు 178 జౌళ్లు కనుక 89 రావాలి. డీఎస్సీ పరీక్షలో, అంటే నమూనాను మెల్లగా వేడిచేస్తూ, చల్లారుస్తూ అది పీల్చే, విడిచే వేడిని కొలిచే పరీక్షలో, 71 వచ్చింది. కరగడం 42 డిగ్రీల దగ్గర, గడ్డకట్టడం 38 దగ్గర. తప్పెక్కడ జరిగింది?
– పరిశోధక విద్యార్థి, అనంతపురం

జవాబు: తప్పు జరిగి ఉండకపోవచ్చు కూడా. తేల్చుకోవడానికి ఇథనాల్ చాలు. లారిక్ ఆమ్లం ఇథనాల్‌లో కరుగుతుంది, పాలీయాక్రిలోనైట్రైల్ కరగదు. బాగా ఆరిన పొరను తూచి, ఇథనాల్‌లో రెండు మూడు సార్లు నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ తూచండి. బరువు సగం తగ్గితే లారిక్ ఆమ్లం అంతా పోగులోనే ఉంది. కాకపోతే పాలిమర్ గొలుసుల మధ్య ఇరుక్కున్న భాగం స్ఫటికంగా పేర్చుకోలేకపోతోంది. పేర్చుకోనిది కరగదు, కరగనిది గుప్తోష్ణం చూపదు. బరువు 40 శాతమే తగ్గితే, 178లో 40 శాతం సరిగ్గా 71, మిగతాది పోగులోకి చేరనే లేదు. సిరంజి అడుగున పలుకులుగా మిగిలిందేమో చూసుకోండి. ఈ పరీక్షకు ముందు డీఎంఎఫ్ పూర్తిగా పోయి ఉండాలి, లేకపోతే దాని బరువు కూడా కలిసి లెక్క తప్పుతుంది.

2 డిగ్రీలు ముందే కరగడానికి అదే డీఎంఎఫ్ శేషం ఒక కారణం కావచ్చు. సన్నని పోగులో స్ఫటికాలు చిన్నవి కావడం ఇంకొకటి. గడ్డకట్టడం 38కి జారడం సూపర్‌కూలింగ్, అంటే గడ్డకట్టాల్సిన వేడి కన్నా కిందికి చల్లబడినా ఇంకా ద్రవంగానే ఉండటం. నిమిషానికి 10 డిగ్రీల వేగంతో కొలిచి ఉంటే 5కు, వీలైతే 2కు తగ్గించి చూడండి. గ్రాఫ్‌లో కరగడాన్ని, గడ్డకట్టడాన్ని చూపే రెండు శిఖరాలూ దగ్గరైతే అందులో కొంత యంత్రం ఆలస్యం. దగ్గర కాకపోతే అది పదార్థం గుణం.

కొలిచే ముందు యంత్రాన్ని ఇండియం అనే లోహంతో సరిచూశారా? అది 156.6 డిగ్రీల దగ్గర, గ్రాముకు 28.5 జౌళ్లతో కరగాలి. మెత్తని పొరను పాన్‌లో ఊరికే పడేస్తే లోపలి గాలి వేడిని ఆపుతుంది. అడుగుకు ఆనేలా నొక్కి మూయండి. పొర అంచు నుంచీ, మధ్య నుంచీ 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు ముక్కలైనా కొలవండి. ఎప్పుడైనా 89 దాటి వస్తే సంబరపడకండి. ఆ ముక్క మీద లారిక్ ఆమ్లం పైకి ఊరి పేరుకుందని అనుమానించాలి.

ప్రశ్న: పాలిమర్‌లో పీసీఎంను కలిపి తీయడం మంచిదా, రెండు సూదులతో లోపల పీసీఎం, బయట తొడుగు వచ్చేలా తీయడం మంచిదా?
– పాలిమర్ ల్యాబ్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రెండు సూదుల పోగు పూర్ణం బూరె లాంటిది. తోపు సమంగా పట్టితే లోపలి పూర్ణం ఎక్కడికీ పోదు. ఒక్కచోట పలచబడిందా, మూకుడంతా పూర్ణమే. కలిపి తీసిన పోగు బెల్లం పిండిలోనే కలిసిపోయిన అప్పం లాంటిది. పగిలి కారడం ఉండదు, కానీ పైపైన ఎప్పుడూ కాస్త జిడ్డు ఉంటుంది.

రెండు సూదుల పద్ధతికి గట్టి ఉదాహరణ 2006లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నుంచి వచ్చింది. యునాన్ షియా బృందం కరిగించిన పారఫిన్‌ను లోపలి గొట్టంలోంచి, టైటానియం డయాక్సైడ్, పాలీవినైల్ పైరోలిడోన్ కలిసిన తొడుగును బయటి గొట్టంలోంచి పంపి, బరువులో 45 శాతం దాకా ఆక్టాడెకేన్‌ను పోగుల్లో పట్టి ఉంచింది. లోపలి సిరంజిని, గొట్టాన్ని, సూదిని కరిగే స్థానం పైన వెచ్చగా ఉంచాలి. అందులో ఏ ఒక్కటి చల్లబడినా ధార ఆగిపోతుంది. లోపలి ప్రవాహం బయటిదానికన్నా బాగా తక్కువగా ఉండాలి. ఎక్కువ జౌళ్ల ఆశతో లోపలి ప్రవాహాన్ని పెంచినకొద్దీ తొడుగు పలచబడుతుంది. పారఫిన్ కరిగేటప్పుడు ఘనపరిమాణం సుమారు 10 శాతం పెరుగుతుంది, పలచని తొడుగు ఆ ఒత్తిడికి చిట్లుతుంది.

ల్యాబ్‌కు కొత్తయితే కలిపి తీసే పద్ధతితోనే మొదలుపెట్టండి, పాలిమర్‌కు సమాన బరువు దాటొద్దు. కారుతోందో లేదో తేల్చడానికి పొరను 2 సెం.మీ. ముక్కలుగా కోసి తూచి, రెండు ఫిల్టర్ పేపర్ల మధ్య పెట్టి, పైన గాజు పలక ఉంచి, 60 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచి మళ్లీ తూచండి. పక్కన కాగితం లేకుండా ఇంకో ముక్కను పెట్టడం మరవొద్దు. దాని బరువు తగ్గితే అది ఆవిరై పోయింది. మొదటిదానిలో అంతకు మించి తగ్గినదే కారింది. ఈ తేడా చూపని ఫలితాలు మాకు నమ్మకం కలిగించవు.

ప్రశ్న: పదో తరగతి పిల్లలతో సైన్స్ ఫెయిర్‌లో దీన్ని చూపించాలని ఉంది. పాత టీవీలోని హైవోల్టేజ్ భాగంతో ఎలక్ట్రోస్పిన్నింగ్ చేయొచ్చా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: దయచేసి చేయకండి మాస్టారూ. ఆ భాగంలో స్విచ్ ఆపాక కూడా ప్రాణాంతకమైన చార్జి నిలిచి ఉండొచ్చు. ఇదే సూత్రాన్ని వోల్టేజీ లేకుండా చూపించే దారి ఉంది.

స్టియరిక్ ఆమ్లం 20 గ్రాములు పరీక్షనాళికలో వేసి వేడినీళ్లలో కరిగించండి. బయటికి తీసి, థర్మామీటర్ ముంచి, ప్రతి 30 సెకన్లకూ పిల్లల చేత రాయించండి. గ్రాఫ్ దిగుతూ దిగుతూ ఒకచోట చదునుగా ఆగుతుంది. గుప్తోష్ణం బయటపడేది అక్కడే. శుద్ధమైనదైతే 69 డిగ్రీల దగ్గర ఆగాలి. కొవ్వొత్తుల కోసం అమ్మే సరుకులో పామిటిక్ ఆమ్లం కలిసి ఉంటుంది కనుక 55 దగ్గర ఆగొచ్చు. అది తప్పు కాదని పిల్లలకు ముందే చెప్పండి.

తర్వాత 1 గ్రాము చొప్పున నాలుగు దూది ఉండలు తీసుకుని, వాటికి 1, 2, 4, 8 గ్రాముల కరిగిన స్టియరిక్ ఆమ్లం పట్టించండి. అంతే బరువుల్లో కొబ్బరి పీచుకూ పట్టించండి. చల్లారాక అన్నింటినీ బ్లాటింగ్ కాగితాల మీద పేర్చి, మరుగుతున్న నీళ్ల గిన్నెపై మూతగా పెట్టిన స్టీలు పళ్లెంలో 10 నిమిషాలు ఉంచండి. ఏ ఉండ కింద మరక ఎంత వెడల్పుగా పడిందో కొలవండి. ముతక పీచు ముందే వదిలేస్తుంది. పోగు సన్నబడేకొద్దీ సందులు ఇరుకవుతాయి, ఇరుకు సందు ద్రవాన్ని గట్టిగా పట్టుకుంటుంది. దూది పోగు మందం పది పదిహేను మైక్రాన్లు, నానో పోగు దానిలో పదోవంతు కూడా ఉండదు. కరిగిన ఆమ్లం మీద పడితే కాలుతుంది, పోసే పని మీరే చేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలో సెల్‌ల చుట్టూ ఈ పొర చుడితే వేడి తగ్గుతుందా?
– మెకానిక్, గుంటూరు

జవాబు: కొంతవరకు. 18650 రకం సెల్ బరువు సుమారు 45 గ్రాములు, దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 40 జౌళ్ల పైచిలుకు కావాలి. 2 గ్రాముల లారిక్ పొర చుడితే 180 జౌళ్లు దాచుకుంటుంది. అంటే సెల్ ఇంకో 4 డిగ్రీలు ఎక్కాల్సిన చోట 44 దగ్గర కాసేపు నిలబడుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు వచ్చే కొద్ది నిమిషాల వేడికి ఇది పనికొస్తుంది. గంటసేపు ఆగకుండా నడిపితే కరగాల్సింది కరిగిపోతుంది, ఆ తర్వాత ఆ పొర దుప్పటిలా పనిచేసి వేడిని లోపలే ఆపుతుంది. పారఫిన్లు, కొవ్వు ఆమ్లాలు వేడిని మోసుకుపోవడంలో చాలా బలహీనం. కార్బన్ నానోట్యూబులు కొద్ది శాతం కలిపితే వాహకత పెరుగుతుంది, కానీ అవి కరెంటును కూడా మోస్తాయి. సెల్‌ల మధ్య అది మనకు అక్కర్లేని గుణం. అన్నిటికన్నా ముఖ్యం, ఇవి మండే పదార్థాలు. బయట తెచ్చిన పొరను మీ అంతట మీరు ప్యాక్‌లో చుట్టకండి. ప్యాక్ తయారు చేసేటప్పుడే అగ్ని పరీక్షలతో సహా రూపొందించాల్సిన విషయమిది.

ప్రశ్న: ఇలాంటి బట్టను ఉతికితే ఏమవుతుంది?
– ఫ్యాషన్ డిజైన్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: లోపల ఏ పీసీఎం ఉందో దాన్ని బట్టి. పాలీఇథిలీన్ గ్లైకాల్ అయితే నీళ్లలో కరిగి మొదటి ఉతుకులోనే చాలావరకు పోతుంది. లారిక్ లాంటి కొవ్వు ఆమ్లమైతే చాకలి సోడాతోనూ, క్షారం ఉన్న డిటర్జెంటుతోనూ చర్య జరిపి సబ్బుగా మారుతుంది. కొబ్బరినూనె సబ్బులో ఉండేది ఎక్కువగా ఆ లారిక్ లవణమే. నురుగు వస్తుంది, దాచుకునే గుణం పోతుంది. పారఫిన్‌కు ఈ రెండు బాధలూ లేవు, కానీ వేడినీళ్లలో కరిగి ఉన్నప్పుడు పిండితే బయటికి వస్తుంది. చన్నీళ్లు, క్షారం లేని ద్రవ సబ్బు, పిండకుండా నీడన ఆరేయడం, ఇస్త్రీ అసలే వద్దు. అయిదు ఉతుకుల తర్వాత ముక్క కోసి మళ్లీ డీఎస్సీలో కొలిపించండి. మొదటి కొలతలో ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది.